బాపు కుడిచెయ్యి

మా ఇంట్లో రంపపు మిషన్ ముందు నిలబడేది నేనే. ఈ మాట చెబితే కోరుట్లలో సగం మంది ఇప్పటికీ మా ఆయన మొహంలోకి చూస్తారు. ఆయన అవునన్నట్టు తల ఊపితే గానీ నమ్మరు. ఆడమనిషన్నాక బీడీలు చుట్టాలి, బట్టలు కుట్టాలి, కాదంటే కిరాణా కొట్లో కూర్చోవాలి, చెక్క కొయ్యడమేమిటని వాళ్ల బాధ. వాళ్ల బాధ వాళ్లది. నేనెప్పుడూ పట్టించుకోలేదు.

మా ఆయన గల్ఫ్‌లో చాలా ఏళ్లు ఒక పెద్ద వడ్రంగి కార్ఖానాలో పనిచేశాడు. తిరిగొచ్చేటప్పుడు అందరూ సెంటు సీసాలు, దుప్పట్లు తెచ్చుకుంటే ఈయన అరిగిపోయిన నడుము, నోటినిండా నియమాలు తెచ్చుకున్నాడు. కాసేపు నిలబడి పని చేశాడంటే ఇక ఆ రోజంతా మంచమే. అందుకని ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, ఎవరో అమ్ముకుంటున్న పాత టేబుల్ సా ఒకటి తెచ్చి పెట్టాడు. కొలతలు తియ్యడం, బిగించడం తను ఉంచుకుని, కొయ్యడం నాకు నేర్పించాడు. దేవుడి మందిరాలు, పీటలు చేస్తాం. వేములవాడలో గుడి చుట్టూ ఉన్న దుకాణాల వాళ్లు తీసుకుంటారు.

ఆ మిషన్ చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. నడుమంత ఎత్తున ఇనుప బల్ల. మధ్యలో సన్నని సందు. ఆ సందులోంచి గుండ్రటి బ్లేడు పైకి లేచి తిరుగుతూ ఉంటుంది. చెక్కను బల్లమీద పెట్టి ముందుకు తోస్తే రెండు ముక్కలవుతుంది. చూడ్డానికి ఇంతకన్నా సులువైన పని ఉండదు, మనుషులు మోసపోయేది అక్కడే. చేత్తో కోసే రంపం మన బలం మీద నడుస్తుంది, మనం అలిసిపోతే అదీ ఆగుతుంది. ఇది మన కోసం ఆగదు. చెక్కా వేలూ దానికి ఒకటే.

మొదట్లో ఆయన నాతో ఒక్క ముక్క కూడా కోయించలేదు. కరెంటు తీసేసిన మిషన్ ముందు నిలబెట్టి నియమాలు అప్పజెప్పించుకున్నాడు. గాజులు ఉండొద్దు. పైట, చున్నీ, వేలాడే చేతులు ఉండొద్దు. గ్లౌజులు అసలే వద్దు, బ్లేడు వాటి అంచు అందుకుందంటే చేతిని కూడా లోపలికి లాక్కుంటుంది. బ్లేడు చెక్క మందం కన్నా కొంచెమే పైకి ఉండాలి. వీలైనంతవరకు బ్లేడు మీద మూత ఉండాలి. బ్లేడు వెనక నిలబడే పలుచటి రేకును మాత్రం ఎప్పుడూ తియ్యొద్దు. అది లేకపోతే కోసిన సందు మూసుకుపోయి, బ్లేడు చెక్కను పట్టుకుని మన కడుపు మీదికే విసురుతుంది. అందుకే బ్లేడుకు ఎదురుగా కాకుండా ఓ పక్కకు నిలబడాలి. సన్న ముక్కలను చేత్తో కాదు, కర్రతో తొయ్యాలి. ఆయన అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది మాత్రం చివరిది. స్విచ్ ఆపినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. బ్లేడు పూర్తిగా నిలిచేదాకా బల్లమీది ముక్క ముట్టుకోవద్దు.

"గాడ ఎవడన్న గిట్ల చెయ్యి పెట్టిండంటె సూపర్‌వైజర్ సక్కగ గేటు బయటికి తోలుతుండె. నిన్ను ఏ గేటుకు తోలాలె చెప్పు?" అనేవాడు.

నేను గాజులు తీసి పని చేస్తున్నానని వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. మొగుడు రాయిలా బతికుండగా బోసి చేతులేమిటట. ఒకామె నా ముందరే అనేసింది. "వేళ్లు లేని చేతికి గాజులు మస్తు సొగసుంటయా అక్కా?" అని అడిగాను. మళ్లీ మా గడప తొక్కలేదు. నాకు నోరు ఎక్కువని పేరు. నిజమే, ఎక్కువే.

ఆ నోరు నన్ను కన్న మా బాపు దగ్గర నుంచి వచ్చింది. బాపుది సిరిసిల్ల. బతుకంతా సాంచలు నడిపాడు. సాంచ అంటే అక్కడివాళ్లకు మరమగ్గం. ఆ మోతలో పని చేసి చేసి ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. చిన్నప్పుడు నేను సద్ది పట్టుకుని కార్ఖానాకు వెళ్లేదాన్ని. ఒక్కో మనిషికి ఒక వరుస సాంచలు. బాపు వాటి మధ్య అటూ ఇటూ నడుస్తూనే ఉండేవాడు. పోగు తెగినప్పుడల్లా సాంచ ఆపి ముడి వేస్తూ కూర్చుంటే బట్ట దిగదు. బట్ట దిగకపోతే కూలి లేదు. అందుకని నడుస్తున్న సాంచలోకే చెయ్యి పెట్టేవాడు. కదిలే దారాల మధ్య తెగిన పోగును చూపుడువేలితో, నడిమి వేలితో దొరకబట్టి, బొటనవేలితో ఒక్క మెలి తిప్పి ముడి వేసేవాడు. నేను చూసేలోపే చెయ్యి బయట ఉండేది. దూది నలకలు పేరుకుంటే వాటినీ అలాగే, నడుస్తుండగానే ఏరేవాడు.

"ఊకె సాంచ ఆపెటోనికి పని ఎవడిస్తడు బిడ్డా," అనేవాడు. మరీ తప్పకపోతేనే పిడి గుంజేవాడు. గుంజితే సాంచ ఎక్కడిది అక్కడ టక్కున నిలబడిపోయేది.

ఆర్డర్లు రాక ఆ కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అమ్మ అప్పటికే లేదు. బాపు కిరాయి గదిలో ఒక్కడే ఉంటూ, పొద్దున్నే లేచి మూసిన కార్ఖానా అరుగు మీద కూర్చుని మధ్యాహ్నానికి తిరిగి వచ్చేవాడు. చూసి ఓపలేక నేను వెళ్లి తీసుకొచ్చేశాను. ఒక సంచితో వచ్చాడు. గుమ్మంలో కాలు పెట్టకముందే షరతు పెట్టాడు.

"గీడనే ఉంటననుకోకు. సాంచలు మళ్ల నడిచేదాకనే. ఆర్డరొస్తె ఆసామి ఫోన్ చేస్తనన్నడు. చేసిన్నాడు పోత."

ఆసామి అంటే కార్ఖానా యజమాని. ఆ ఫోన్ కోసం బాపు తన వేళ్లను సిద్ధంగా ఉంచుకున్నాడు. సాయంత్రం టీవీ చూస్తూ పాత చీర కొంగులోంచి దారాలు పీకి, తెంపి, ముడి వేసేవాడు. మళ్లీ తెంపేవాడు, మళ్లీ వేసేవాడు. చూపు టీవీ మీదే ఉండేది. వేళ్లు మొద్దుబారితే ఎవడూ పనిలో పెట్టుకోడని ఆయన భయం. ఆయనకు పొలం లేదు, ఇల్లు లేదు, చదువు లేదు. ఆ ముడి వచ్చినంతకాలం తను సిరిసిల్ల మనిషి. ఆ కుడిచెయ్యి పోతే ఆయన వెనక్కి వెళ్లే చోటు పోయినట్టే. ఇది ఆయనకు తెలుసు, మాకూ తెలుసు.

అలాంటి మనిషి ఊరికే కూర్చోలేక షెడ్డులోకి వచ్చాడు. అది మొదటి రోజు. నేను చెక్క కోస్తున్నాను. బ్లేడు పక్కన ఒక సన్నని పెచ్చు పడి వణుకుతూ ఉంది. అవతలి వైపు నుంచి బాపు చెయ్యి వచ్చి, తిరుగుతున్న బ్లేడు పక్కనుంచి ఆ పెచ్చును దూది నలకలా ఏరుకుని వెళ్లిపోయింది. నేను కేకేసి మిషన్ ఆపాను.

"ఏమైంది బిడ్డా?" అని ఆయనే కంగారుపడ్డాడు.

"ఏమైందా? చెయ్యి యాడ పెట్టినవ్ బాపూ!"

"గదా? తీసిన గద," అని పెచ్చు చూపించాడు. ఆయన మొహంలో ఎంత సంతోషమంటే, అల్లుడింట్లో తన పనితనం చూపించే అవకాశం వచ్చిందన్నట్టు ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ కలిపి అరిచాను.

ఆ రోజు నుంచి మా ఆయన నాకు నేర్పినట్టే బాపుకూ మొదటి నుంచి నేర్పాడు. మామను ముందర నిలబెట్టి నియమాలు అప్పజెప్పించుకునే అల్లుడు మా వీధిలో ఇంకొకడు లేడు. బాపు బుద్ధిగా విన్నాడు. బడి ముఖం చూడకపోయినా జ్ఞాపకం గట్టిది, త్వరలోనే నాకన్నా వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. గ్లౌజులు ఎందుకు వద్దో, రేకు ఎందుకు తియ్యొద్దో, బ్లేడు నిలిచేదాకా ఎందుకు ఆగాలో వచ్చినవాళ్లకల్లా వివరించేవాడు. తలకు అంతా ఎక్కింది. చేతికి మాత్రం ఏదీ ఎక్కలేదు. నోటితో నియమం చెబుతూనే చెయ్యి ముందుకు వచ్చేది. నేను బాపూ అని అరిస్తే ఉలిక్కిపడి, ఆ చెయ్యి వేరే ఎవరిదో అన్నట్టు చూసుకునేవాడు.

బ్లేడు చుట్టూ ఎర్ర రంగుతో గీత గీశాను. గీత దాటొద్దన్నాను. దాటేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమన్నాను. నిలబడ్డాడు గానీ చెక్క చిటపటమన్నప్పుడల్లా భుజం కదిలేది. ఒకరోజు ఇద్దరం గట్టిగా పోట్లాడుకున్నాం.

"బతుకంత నడిచే మిషన్ల చెయ్యి పెట్టిన. గీ వేలికి గోరంత దెబ్బ ఉన్నదా సూడు," అని చెయ్యి నా మొహం ముందు పెట్టాడు.

"సాంచ తాకితె గీరుకపోతది బాపూ. ఇది తాకితె మిగలది."

"నా చెయ్యిని దొంగ చెయ్యి లెక్క సూస్తున్నవ్ నువ్వు."

ఆ మాటకు నాకు జాలి వేసింది. అయినా తగ్గలేదు. మిషన్ దగ్గరికి రావద్దని, అవతల కూర్చుని గరుకు కాగితంతో పీటలు రుద్దమని చెప్పేశాను. అలిగి ఒక పూట అన్నం మానేశాడు. తర్వాత రుద్దడం మొదలుపెట్టాడు. అది కూడా ఎంత బాగా రుద్దేవాడంటే, వేలు పెట్టి చూస్తే ఎక్కడా గరుకు తగిలేది కాదు.

తర్వాత్తర్వాత మెల్లగా దగ్గరికి రానిచ్చాను. ఎందుకంటే బాపులో మార్పు వచ్చింది. కోసిన ముక్క పడగానే చెయ్యి కదిలేది, కానీ గాల్లో ఆగిపోయేది. నా మోకాలు బల్ల కాలికి బిగించిన స్విచ్ మీదికి వెళ్లేదాకా అక్కడే ఉండేది. ఆ వయసులో, అన్నేళ్ల అలవాటును అలా గాల్లో పట్టి ఆపడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆయన మెడ నరాలు బిగుసుకోవడం కనబడేది. మోత తగ్గాక తీసేవాడు. "ఇంకా నిలవలే బాపూ, ఆగు" అంటే "నువ్వు బందు చేసినవ్ గద" అనేవాడు. మళ్లీ చెబితే మళ్లీ తల ఊపేవాడు. ఆపిన మిషన్ ఇంకా తిరుగుతుందని ఆయన నోరు ఒప్పుకుంది. చూసే కన్ను ఒప్పుకోలేదు. ఆయన ఎరిగిన మిషన్ ఆపితే ఆగుతుంది.

ఇది తెలియనివాళ్లకు నమ్మశక్యంగా ఉండదు. స్విచ్ ఆపాక బ్లేడు కాసేపు తిరుగుతూనే ఉంటుంది. మోత పడిపోయి ఉంటుంది, పళ్లు విడివిడిగా కనబడవు. వెలుతురు ఒక తీరుగా పడితే నిలబడిపోయిన బ్లేడు లాగే, వెండి పళ్లెంలా మెరుస్తూ ఉంటుంది.

ఆ రోజు పొద్దున మా ఆయన మందిరాలు ఆటోలో వేసుకుని వేములవాడ వెళ్లాడు. నేను మందిరం తలుపులకు సన్న పట్టీలు కోస్తున్నాను. అంత సన్నవి కొయ్యాలంటే పైన మూత అడ్డం వస్తుంది కాబట్టి తీసి పక్కన పెట్టాను. మా ఆయన కూడా అలాగే కోస్తాడు. బాపు బల్లకు అవతలి వైపు నిలబడి, కోసినవి కట్ట కడుతున్నాడు. చివరి పట్టీ తెగింది. దాని పెచ్చు ఒకటి బ్లేడుకూ సందుకూ మధ్య ఇరుక్కుని టకటకమని కొట్టుకోసాగింది. నేను మోకాలితో స్విచ్ నొక్కాను. మోత పడిపోయింది. బాపు నేను నొక్కడం చూశాడు. చూశాకే చెయ్యి పెట్టాడు.

నేను ఆగు అన్నానో, అందామనుకున్నానో ఇప్పటికీ నాకు తెలియదు.

బాపు అరవలేదు. చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. "బందు చేసినవ్ గద బిడ్డా?" అన్నాడు. నిందలా అనలేదు. నిజంగానే అడిగాడు, తను చూసింది తప్పేమో చెప్పమన్నట్టు.

"చేసిన బాపూ," అన్నాను.

ఆ తర్వాతవన్నీ నా చేతులే చేశాయి. తువ్వాల గట్టిగా చుట్టి, చెయ్యి తలకన్నా పైకి పట్టుకోమన్నాను. తెగినవి దొరికితే శుభ్రమైన గుడ్డలో చుట్టి కవర్లో పెట్టి, ఆ కవరును ఐసు మీద ఉంచాలని మా ఆయన ఎప్పుడో చెప్పాడు. మోకాళ్ల మీద కూర్చుని తడిసిన రంపపు పొట్టులో వెతికాను. దొరికినవి దొరికాయి. పక్కింటి ఫ్రిజ్‌లోంచి ఐసు తెచ్చి, దారిన పోయే ఆటోను ఆపి జగిత్యాల పెద్ద ఆసుపత్రికి అన్నాను. అందులో ఉన్నవాళ్లు మాట్లాడకుండా దిగిపోయారు.

ఆటోలో బాపు చెయ్యి పైకెత్తి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మోచేతి దాకా తడి. జగిత్యాల ఇంకా సగం దూరం ఉండగా కళ్లు తెరిచాడు.

"బొటనేలు ఉన్నదా సూడు."

"ఉన్నది." గోరు సగం పోయింది గానీ వేలు ఉంది.

"గట్లయితె ముడేస్త," అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు. మిగతా వేళ్ల సంగతి అడగలేదు. నేను చెప్పలేదు. కవరు నా ఒళ్లోనే ఉంది.

డాక్టరు కవరు విప్పి చూసి మూసేశాడు. కత్తికి తెగితే అంచు నీటుగా ఉంటుందట, అతికించడానికి చూడొచ్చట. ఈ మిషన్ నమిలేస్తుందట. హైదరాబాద్ తీసుకెళ్లినా ఇదే మాట చెబుతారన్నాడు. చూపుడువేలు, నడిమి వేలు సగానికి పోయాయి. అంతా కుట్టాక చేతులు కడుక్కుంటూ, "మిషన్ దగ్గర జాగ్రత్తగా ఉండొద్దా అమ్మా?" అన్నాడు. ఆయన తప్పు మాటేం అనలేదు. అయినా ఆ మనిషిని పట్టుకుని కొట్టాలనిపించింది. మా షెడ్డులో ఉన్నంత జాగ్రత్త ఈ చుట్టుపక్కల ఏ షెడ్డులో ఉంది? ఏ ముసలివాడు అన్ని నియమాలు నోటికి నేర్చాడు? ఆపేదాకా ఆగాడు నా తండ్రి. మాట వినని చేతిని బలవంతాన పట్టి ఆపి మరీ ఆగాడు. మందుల చీటీ తీసుకుని బయటికి వచ్చాను.

మా ఆయన వేములవాడ నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చి మామ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక వైరు పీకేసి, మిషన్ మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, ఎవరికైనా అమ్మేద్దామన్నాడు. బాపే ఒప్పుకోలేదు.

"మిషన్ తప్పేమున్నది? దాని తీరు అది తిరిగింది," అన్నాడు.

బ్లేడు నేనే విప్పి కడిగాను. ఇంకొకరితో చేయించే పని కాదది. పళ్ల మధ్య బ్రష్షు పెట్టి రుద్దుతుంటే నీళ్లు చాలాసేపు తేటపడలేదు. వీధివాళ్లు వచ్చి పరామర్శించారు. దసరాకు మిషన్‌కు కోడిని కొయ్యలేదు కదా, అందుకే నెత్తురు అడిగిందన్నారు. ఒకరు నిమ్మకాయ, మిరపకాయలు దారానికి గుచ్చి తెచ్చి మిషన్‌కు కట్టి పోయారు. బ్లేడు దగ్గర దారం వేలాడకూడదని తెంపి బయట పారేశాను. ఇంత జరిగినా పొగరు తగ్గలేదన్నారట. అనుకోనీ.

కట్టు విప్పాక బాపు మళ్లీ టీవీ ముందు కూర్చున్నాడు. నేను వంటింట్లోంచి చూసేదాన్ని. ఒళ్లో దారం. బొటనవేలు ముందుకు వచ్చి, ఎదురుగా ఉండాల్సిన వేలు లేక, గాలిని పట్టుకుని ఆగిపోయేది. ఉంగరం వేలితో చూసేవాడు. దారం జారిపోయేది. నా అడుగుల చప్పుడు వింటే తొడ కింద దాచేవాడు. నేనూ చూడనట్టే టీ గ్లాసు ఇచ్చి వచ్చేదాన్ని. ఒక్కోసారి పొయ్యి ముందు నిలబడి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

అలాంటి రోజుల్లో ఆసామి ఫోన్ చేశాడు. చీరల ఆర్డరు వచ్చింది, సాంచలు నడుస్తున్నాయి, ఎప్పుడొస్తావని అడిగాడు. బాపు ఫోన్ ఎడమ చేత్తో పట్టుకుని, ఎప్పటిలా అరుస్తూ, "అస్త సేటూ, రేపే అస్త" అన్నాడు. చేతి సంగతి చెప్పలేదు. ఫోన్ పెట్టేసి నా వైపు చూడకుండా, "పోయి సూసొస్త" అన్నాడు.

"నేను గూడ అస్త."

"నువ్వెందుకు?"

"ఊకెనే."

పొద్దున బస్సెక్కాం. వేములవాడలో దిగి, గుండు కొట్టించుకున్న పిల్లలతో కిక్కిరిసిన ఇంకో బస్సు పట్టుకున్నాం. దారి పొడుగునా బాపు కుడిచెయ్యి తువ్వాల కిందే ఉంది. వద్దు బాపూ, వెనక్కి పోదాం అని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. పోయే మనిషిని ఏం చెప్పి ఆపాలి? అక్కడ ఏమవుతుందో ఆయనకు తెలియక కాదు. తన కళ్లతో చూడాలనుకున్నాడు.

కార్ఖానా దగ్గర సందు మొదట్లోనే మోత వినబడింది. బాపు నడక మారింది. అంత ఈడు మనిషి నాకన్నా ముందు నడిచాడు. లోపల అన్ని సాంచలూ నడుస్తున్నాయి. ఆసామి ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. తువ్వాల పక్కకు జరిగింది. ఆసామి చూశాడు. మొహం మారిపోయింది. ఏమైంది, ఎట్లైంది అని అడిగి, అయ్యో అని, ఒక పిలగాణ్ని టీకి పంపి, గోడ పక్కనున్న కుర్చీ తుడిచి తెచ్చి వేశాడు.

"కూసో పెద్దమనిషీ. టీ తాగు. బిడ్డా, నువ్వు గూడ కూసో."

ఆ కార్ఖానాలో బాపు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆయన ముందరి సాంచ ఒకప్పుడు తనదే. ఇప్పుడు దాని మీద నడి వయసు మనిషి ఒకడు పని చేస్తున్నాడు. బాపు దగ్గరే పని నేర్చుకున్నవాడు. కాకా, బాగున్నవా అని దూరం నుంచే చెయ్యెత్తి పలకరించి, మళ్లీ పనిలో పడ్డాడు. అతని చెయ్యి నడుస్తున్న దారాల్లోకి వెళ్లి వచ్చింది, అచ్చం బాపు చెయ్యి వెళ్లినట్టే.

టీ వచ్చింది. బాపు రెండు గుక్కలు తాగాడో లేదో, పోగు తెగింది. నాకు కనబడలేదు, ఆయనకు కనబడింది. గ్లాసు కింద పెట్టి లేచాడు. ఆ మనిషి తన వరసలో అవతలి సాంచ దగ్గర ఉన్నాడు. బాపు కుడిచెయ్యి నడుస్తున్న సాంచలోకి వెళ్లింది. సరిగ్గా పోగు దగ్గరికే వెళ్లింది. మొండి వేళ్లు దాన్ని తాకాయి, పట్టుకోలేకపోయాయి. పోగు జారింది. మళ్లీ వెళ్లింది. మళ్లీ జారింది. నేను లేచి రెండడుగులు ముందుకు వేశాను.

ఆ మనిషి చూసి గబగబా వచ్చాడు. తనే ముడి వేసి పోవచ్చు, అతనికి అది క్షణం పని. కానీ పెద్దవాడి చేతిని పక్కకు నెట్టడానికి మనసొప్పనట్టుంది. పిడి పట్టి గుంజాడు. సాంచ టక్కున నిలబడింది.

"నిమ్మలంగ ఏయి కాకా. ఏం తొందర లేదు," అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు.

చుట్టూ మిగతావన్నీ నడుస్తూనే ఉన్నాయి. ఆ ఒక్కటే ఆగి ఉంది. బాపు ఆగిన దారాలను చూస్తూ నిలబడ్డాడు. ఇక పోగు ముట్టుకోలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని తువ్వాల కప్పుకున్నాడు.

"నడుపు బిడ్డా. నీ బట్ట ఆగుతది," అన్నాడు.

ఆసామి సందు చివరిదాకా వచ్చి సాగనంపాడు. బస్సు కదిలాక, మామూలుగా అరిచినట్టు మాట్లాడే బాపు, పక్కనున్న నాకే వినబడీ వినబడనంత మెల్లగా అన్నాడు.

"కుర్సేసిన్రు. టీ పోసిన్రు. సాంచ గూడ ఆపిన్రు. సుట్టం లెక్క సూసిన్రు బిడ్డా నన్ను."